పాత చెక్క డ్రెస్సింగ్ టేబుల్‌కు కొత్త రంగు: తరచుగా అడిగే ప్రశ్నలు

పైన అద్దం, కింద నాలుగైదు సొరుగులు, వాటికి ఇత్తడి పిడులు. పెళ్లి సారెతో వచ్చిన ఇలాంటి బల్ల ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. కర్ర గట్టిగానే ఉంటుంది, పైపూతే నల్లబడి, మచ్చలు పడి, చూడబుద్ధి కాకుండా పోతుంది. దానికి ఇంట్లోనే రంగు వేసుకోవాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇవి. ఒక్క మాట ముందే చెప్పాలి. కొత్త రంగు నిలుస్తుందా ఊడుతుందా అన్నది మీరు కొన్న డబ్బా కన్నా, ఆ చెక్క మీద ఇప్పటికే ఏముంది అన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలుతుంది. అందుకే కింది జవాబుల్లో సగం రంగు డబ్బా మూత తీయకముందు చేయాల్సిన పనుల గురించే.

అసలు రంగు వేయాలా, పాలిష్ పెట్టించాలా?

ఏ కర్రో తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే. పై సొరుగు బయటికి లాగి, దాని ముందు పలక లోపలి వైపు, పాలిష్ తగలని చోట, 120 నంబరు ఉప్పు కాగితంతో రూపాయి బిళ్లంత మేర రుద్దండి. సొరుగు అడుగు పలక చూసి తేల్చకండి. అడుక్కి, వీపుకి చవక కర్ర వాడటం వడ్రంగులకు మామూలే. రుద్దిన చోట బంగారు గోధుమ రంగు తేలి, తోలు లాంటి వాసన వచ్చి, వేలికి సన్నని జిడ్డు తగిలితే టేకు. ముదురు ఊదా గోధుమ మీద నల్లని చారలుంటే జిట్రేగి.

జిట్రేగికి రంగు వేయకండి. అన్ని పలకలూ చేవ టేకే అయితే దానికీ పాలిష్ పెట్టించడమే మేలు. ఒకసారి ఎనామెల్ ఎక్కాక, చెక్క రంధ్రాల్లో దిగిన తెల్ల ప్రైమర్‌ను (రంగుకు ముందు వేసే అడుగు పూతను) మళ్లీ పూర్తిగా లాగడం చాలా కష్టం.

రంగు వేయాల్సినవి వేరే ఉన్నాయి: ముందు టేకు, పక్కలు ప్లైవుడ్ ఉన్నవి, సగం మామిడో వేపో కలిసినవి, ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలున్నవి, నాలుగు చోట్ల అతుకులు పడ్డవి, ఇదివరకే ఎనామెల్ వేసినవి. వీటికి పాలిష్ ఎంత పెట్టినా అతుకుల బొంతలాగే కనిపిస్తాయి.

పాత పూత ఏమిటో ఎలా తెలుసుకోవాలి?

మూడు ద్రవాలు, మూడు దూది ఉండలు చాలు. బల్ల వెనక మూలన, కనపడని చోట చూడండి.

మొదట టర్పెంటైన్. రుద్దగానే దూదికి గోధుమ రంగు జిడ్డు అంటితే పైన మైనం ఉంది. దాన్ని తీయకుండా ఏ రంగూ పట్టదు. తర్వాత స్పిరిట్. దూదిని నిమిషం పాటు అద్ది ఉంచితే పూత మెత్తబడి జిగురుగా అయిందంటే అది లక్క పాలిష్. ముప్ఫై నలభై ఏళ్ల నాటి సామానులో ఎక్కువగా ఉండేది ఇదే. స్పిరిట్‌కు కదలకపోతే ఎన్‌సీ థిన్నర్, అంటే లాకర్ పూతను పలుచన చేసే ద్రవం. దానికి కరిగితే లాకర్. కరగకుండా ముడతలు పడి పైకి లేస్తే ఎనామెల్ లేదా వార్నిష్. దేనికీ చలించకపోతే మెలమైనో, పీయూ (పాలీయురెథేన్) పూతో.

లక్క, లాకర్ గట్టిగా పట్టుకుని ఉంటే వాటిని పూర్తిగా తీయనక్కర్లేదు. మెరుపు పోయేదాకా రుద్ది, వాటి మీదే ప్రైమర్ వేయొచ్చు. లాకర్ మీద ఎన్‌సీ థిన్నర్ కలిపిన పూత మాత్రం వద్దు, కింది పొర కరిగి లేస్తుంది. పీయూ, మెలమైన్ గాజులా నున్నగా ఉంటాయి కాబట్టి 180తో గట్టిగా గరుకు చేయాలి. పెచ్చులు లేచిన ఎనామెల్ అయితే లేచినంతా గీకి తీసేయాల్సిందే. దాని మీద ఎంత మంచి రంగు వేసినా ఆ పెచ్చుతో పాటే రాలుతుంది.

పాత రంగు గీకితే ప్రమాదం ఏమైనా ఉందా?

ఉంది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన ఎనామెల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో, సీసం ఉండొచ్చనే అనుకుని పని చేయండి. లక్క పాలిష్‌తో ఈ భయం లేదు.

అలాంటి రంగును పొడిగా రుద్దకండి, మిషన్‌తో అసలే వద్దు. మంట పెట్టి కాల్చి తీయడం ఇంకా చెడ్డది. నల్లటి వాటర్ పేపర్‌ను సబ్బు నీళ్లలో ముంచి, తడి మీద రుద్దితే దుమ్ము లేవదు. కింద ప్లాస్టిక్ షీటు పరిచి, ఎన్95 మాస్కు పెట్టుకోండి. తడి గుడ్డతో తుడవండి, చీపురుతో ఊడ్చకండి. చిన్నపిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పని బట్టలు విడిగా ఉతకాలి.

ఒక బల్లకు ఏమేం, ఎంతెంత కావాలి?

90 సెం.మీ. వెడల్పు, 45 లోతు, 75 ఎత్తు ఉన్న బల్ల తీసుకుందాం. పైభాగం, రెండు పక్కలు, ముందు భాగం కలిపి 1.75 చదరపు మీటర్లు. అద్దం చట్రం, కాళ్లు కలుపుకుంటే రెండుంపావు, అంటే దాదాపు 24 చదరపు అడుగులు. లీటరు ఎనామెల్ ఒక పూతకు 100 చదరపు అడుగుల దాకా వస్తుంది. రెండు పూతలకు అర లీటరు సరిపోతుంది. దుకాణంలో లీటరు అంటగడతారు, అవసరం లేదు.

ప్రైమర్ అర లీటరు, టర్పెంటైన్ అర లీటరు, వుడ్ పుట్టీ పావు కిలో. కాగితాలు: 120 రెండు, 180 మూడు, 220 రెండు, 320 మూడు. రెండంగుళాల బ్రష్ ఒకటి, అంగుళం బ్రష్ ఒకటి, నాలుగంగుళాల స్పాంజి రోలర్ ఒకటి, మాస్కింగ్ టేపు ఒక చుట్ట. డబ్బు ఆదా చేయాలంటే ఇంకెక్కడైనా చేయండి, బ్రష్ దగ్గర కాదు. చవక బ్రష్ వెంట్రుకలు రాలుస్తుంది. ఆరిన రంగులో ఇరుక్కున్న ఒక్క వెంట్రుకను తీయడానికి ఆ పలకంతా మళ్లీ రుద్దాలి.

కడగాలా? చెక్కకు నీళ్లు తగలొచ్చా?

డ్రెస్సింగ్ టేబుల్‌కు ఇది మామూలు సామాను కన్నా ముఖ్యం. ఏళ్ల తరబడి దాని మీద కొబ్బరి నూనె సీసా మడుగు కట్టి ఉంటుంది. పౌడరు, హెయిర్ సీరం, అద్దం చుట్టూ అంటించిన బొట్టు బిళ్లల జిగురు అదనం. కాగితంతో రుద్దితే నూనె పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. కాగితం దాన్ని చెక్కలోకి ఇంకా లోపలికి నెడుతుంది. కాబట్టి కడగడం ముందు, రుద్దడం తర్వాత.

బొట్టు బిళ్లల జిగురుకు నీలగిరి తైలం చుక్క వేసి, ఐదు నిమిషాలాగి తుడవండి. తర్వాత లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. నీళ్లు పోసి కడగడం కాదు, పిండిన గుడ్డతో తుడవడం. టేకు కాస్త నల్లబడుతుంది, రంగు వేసేదానికి నష్టం లేదు. సోడా మిగిలిపోతే మాత్రం నష్టమే. అది నూనె రంగును కింది నుంచి సబ్బులా మార్చి మెత్తబరుస్తుంది. మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడిచి, నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. ఆఖరున టర్పెంటైన్ గుడ్డ ఒకసారి.

నూనె పోయిందా లేదా చూడటానికి చిటికెడు నీళ్లు చల్లండి. నీరు పరుచుకుంటే సరే, ముత్యాల్లా నిలబడితే ఇంకా జిడ్డుంది.

సొరుగు కింద సన్నటి పొడి రాలుతోంది. చెదలా, పుచ్చా?

గోధుమ పిండిలా మెత్తటి పొడి, పక్కనే ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు ఉంటే పుచ్చు పురుగు. మట్టి గూళ్లు, మట్టి దారులు ఉంటే చెదలు. పుచ్చు చేవ జోలికి సాధారణంగా రాదు, చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కనే తింటుంది. అందుకే ఒకే పలకలో సగం గట్టిగా, సగం అటుకుల్లా ఉంటుంది.

చెక్కకు వాడే పురుగుల మందు నూనె తెచ్చి, గ్లవ్స్ వేసుకుని, సిరంజితో ఒక్కో చిల్లులోకి ఎక్కించి, పైన బ్రష్‌తో కూడా పూయండి. వారం పది రోజుల తర్వాత మరోసారి. తర్వాత కింద నల్ల కాగితం పరిచి రెండు వారాలు చూడండి. కొత్త పొడి పడకపోతేనే ముందుకెళ్లండి. పుచ్చు బతికుండగా లప్పం పెట్టి రంగు వేస్తే, ఆ నున్నటి తెల్ల పలక మీదే కొత్త చిల్లు పొడుచుకొస్తుంది. మందు నూనె పూర్తిగా ఆరడానికి కూడా ఈ వ్యవధి కావాలి.

కాళ్లు ఊగుతున్నాయి. రంగు తర్వాత బిగించొచ్చా?

ముందే బిగించాలి. ఊగే జాయింటు మీద రంగు మొదటి నెలలోనే గీతలా పగులుతుంది. జాయింటు విడదీసి, పాత జిగురు గీకి తీసేసి (పాత సామానులో పశువుల చర్మం నుంచి తీసిన జిగురు ఉంటుంది, వేడి నీటి గుడ్డకు కరుగుతుంది), ఫెవికాల్ పట్టించి, క్లాంపు గానీ తాడు మెలేసి గానీ బిగించి 24 గంటలు కదపకండి. పాత జిగురు మీదే కొత్తది పోస్తే పట్టదు. మేకు కొట్టి సరిపెట్టడం మాత్రం వద్దు, చెక్క చీలుతుంది.

గుంటలకు గోడ పుట్టీ వాడొచ్చా? ఇంట్లో సగం బస్తా మిగిలి ఉంది.

వద్దు. అది తెల్ల సిమెంటుతో చేసినది. చెక్క వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుంటుంది, సిమెంటు కదలదు. ఆరు నెలల్లో బిళ్లలా ఊడొస్తుంది.

చిన్న గుంటలకు, గీతలకు వుడ్ పుట్టీ చాలు. పాత పెయింటర్లు సుద్ద పొడిని అవిసె నూనెతో పిసికి లప్పం చేసుకునేవారు. అదీ మంచిదే, కానీ ఆరడానికి రోజులు పడుతుంది. కాస్త పెద్ద లోతుకు రంపపు పొట్టును ఫెవికాల్‌తో ముద్ద చేసి కూరవచ్చు. కొండపల్లి బొమ్మల వాళ్లు అతుకులకు వాడే మక్కు కూడా ఈ తరహాదే, అందులో రంపపు పొట్టుతో చింతగింజల పొడి కలుస్తుంది. మూల విరిగిపోయి ఆకారం మళ్లీ కట్టాల్సి వస్తే రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ వాడండి.

ఎలా పెట్టాలన్నదే అసలు సంగతి. లప్పాన్ని ఒకేసారి నిండుగా కూరితే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆరాక నడుమ దిగిపోతుంది. రెండు మిల్లీమీటర్లు మించకుండా ఒక పొర, అది ఆరాక ఇంకోటి. ఆఖరి పొర చెక్క మట్టానికి కాస్త పైకి ఉండాలి, రుద్దితే సమం అవుతుంది. పుట్టీ బ్లేడును 30 డిగ్రీల వాలుగా పట్టుకుని ఒకే ఊపులో లాగండి. ముందుకీ వెనక్కీ రుద్దితే అంచులు చింపినట్టు అవుతాయి.

పాత పిడుల చిల్లులు పూడ్చాలన్నా ఇప్పుడే. కొత్త పిడుల మరల మధ్య దూరం మామూలుగా 64, 96, 128 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ పాత చిల్లులు వీటిలో దేనికైనా కుదిరితే అదృష్టం.

ఎంత రుద్దాలి?

చెక్క తేలేదాకా రుద్దాల్సిన పని లేదు. మెరుపు చావాలి, అంతే. 120తో పెచ్చులు, గడ్డలు, లప్పం సమం చేయండి, 180తో మొత్తం, 220తో ఆఖరిసారి. ఎప్పుడూ చెక్క గీత వెంటే. అడ్డంగా రుద్దిన 120 గీతలు ప్రైమర్ కింద దాక్కుని, ఎనామెల్ ఎక్కగానే బయటపడతాయి. చదునైన చోట కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి రుద్దండి. ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్లున్నంత మేర గాడి పడుతుంది. దీపం ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని పలకకు ఆనించి పక్కవాటుగా వెలుగు వేస్తే, పగలు కనపడని ప్రతి గుంటా నీడ వేసి చూపిస్తుంది.

తెల్ల రంగు మీద పసుపు, గోధుమ మచ్చలు తేలుతున్నాయి. ఇంకో పూత వేస్తే పోతాయా?

పోవు. పది పూతలు వేసినా మళ్లీ తేలతాయి. చెక్కలోని సారం నీటి రంగులో కరిగి పైకి వస్తోందన్నమాట. టేకు ఈ పని చేస్తుంది. ఏగిస కర్రయితే మరీను. తడి తగిలితే చాలు పచ్చటి మరక వదులుతుంది. పాత ఎర్ర పాలిష్ రంగులు కూడా ఇలాగే ఊరతాయి.

మచ్చను అడ్డుకునే పొర కావాలి, దానికి లక్కే మంచి మందు. మైనం తీసిన లక్క 100 గ్రాములు, అర లీటరు స్పిరిట్‌లో వేసి రాత్రంతా నానబెట్టండి, లక్క రేకులనే పాలిష్ వాళ్లు చపడా అంటారు. పొద్దున గుడ్డలో వడగట్టి, పలుచగా రెండుసార్లు పూయండి. గంటలో ఆరుతుంది. 320తో ఒక్కసారి అలా నిమిరి, దాని మీద ప్రైమర్. మైనం ఉన్న మామూలు లక్క వాడితే పై పూత పట్టు తగ్గుతుంది. స్పిరిట్ పని చేసేటప్పుడు దగ్గర్లో పొయ్యి, అగరొత్తి ఉండకూడదు.

టేకుకు ఇంకో గుణం ఉంది. దాని సహజమైన నూనె, నూనె రంగు ఆరడాన్నే ఆలస్యం చేస్తుంది. టేకు చెక్క తేలిన చోట, ప్రైమర్‌కు సరిగ్గా ముందు, ఎన్‌సీ థిన్నర్ గుడ్డతో తుడిచి, అరగంటలో ప్రైమర్ వేసేయండి. ఒక రోజు ఆగితే నూనె మళ్లీ పైకి ఊరుతుంది.

ప్రైమర్ తప్పదా?

తప్పదు. పలుచగా రెండుసార్లు, మధ్య ఒక రాత్రి, ప్రతిసారీ 220తో రుద్ది. మొదటి పూత తర్వాత కనపడే కొత్త గుంటలకు మళ్లీ లప్పం పెట్టి, ఆ తర్వాత రెండోది వేయండి. లప్పాన్ని నేరుగా ఎనామెల్ కింద వదిలేస్తే ఆ చోట మెరుపు తక్కువై మచ్చలా కనిపిస్తుంది.

ఏ రంగు తీసుకోవాలి: నూనె ఎనామెల్, నీటి ఎనామెల్, గోడల ఎమల్షన్?

ఎమల్షన్ వద్దు. సొరుగు అంచు చట్రానికి అతుక్కుపోతుంది, తీసినప్పుడల్లా పొర చీలుతుంది.

నూనె ఎనామెల్, అంటే సింథటిక్ ఎనామెల్, గట్టిది, నీళ్లకు తట్టుకుంటుంది, నున్నగా పరుచుకుంటుంది. వాసన రెండు మూడు రోజులుంటుంది. తెలుపు కొన్నేళ్లకు పచ్చబడుతుంది, అదీ వెలుగు తగలని చోట ఎక్కువ. సొరుగు లోపలి అంచు పచ్చగా, ముందు తెల్లగా తేడా తెలిసేది అందుకే. తెలుపో, లేత రంగో కావాలంటే నీటితో పలుచన చేసే ఎనామెల్ తీసుకోండి. వాసన తక్కువ, నాలుగు గంటల్లో రెండో పూత వేయొచ్చు, పచ్చబడదు. ముదురు నీలం, ఆకుపచ్చ, గోధుమలకు నూనె ఎనామెల్‌కే మా ఓటు. పసుపు, ఎరుపు కింది రంగును సరిగ్గా కప్పవు, మూడో పూతకు సిద్ధపడి కొనండి. బాగా మెరిసే రంగు ప్రతి గుంటనూ చూపిస్తుంది కాబట్టి పాత సామానుకు మెరుపు తక్కువగా ఉండే శాటిన్ నయం.

పీయూ స్ప్రే అందంగా ఉంటుంది, కానీ గట్టిపడటానికి అందులో కలిపే హార్డెనర్ పొగ ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. సరైన మాస్కు, గాలి ఏర్పాటు ఉన్న పనివాళ్లకు వదిలేయండి.

బ్రష్ గీతలు పడకుండా ఎలా వేయాలి?

డబ్బాను అడుగు నుంచి ఐదు నిమిషాలు కలిపి, పాత లుంగీ ముక్కలోనో నైలాన్ గుడ్డలోనో వడగట్టి, వేరే గిన్నెలో పోసుకోండి. నూనె ఎనామెల్ అయితే పావు లీటరుకు 25 మి.లీ. టర్పెంటైన్. ఇంతకు మించితే కారుతుంది, అసలు కలపకపోతే గీతలు పడతాయి. నీటి ఎనామెల్‌కు డబ్బా మీద రాసినంత నీళ్లే.

సొరుగులన్నీ బయటికి తీసి, ముందు పలక ఆకాశం వైపు చూసేలా నిలబెట్టండి. బల్లను కూడా ఒక్కో వైపు పడుకోబెట్టి, రంగు వేసే పలక ఎప్పుడూ నేలకు సమాంతరంగా ఉండేలా చూసుకోండి. పడుకున్న పలక మీద రంగు కారదు, దానంతటదే సర్దుకుంటుంది.

బ్రష్‌ను మూడో వంతు మాత్రమే ముంచి, గిన్నె లోపలి గోడకు రెండు వైపులా తట్టండి. గిన్నె అంచుకు గీరితే బుడగలు పుడతాయి. పలక మధ్యలో పెట్టి అంచుల వైపు లాగండి. అంచు మీద మొదలుపెడితే రంగు పక్కకు జారి గడ్డ కడుతుంది. జానెడు వెడల్పు పరిచాక, బ్రష్‌ను దాదాపు ఖాళీ చేసి, మొనలు మాత్రమే తగిలేలా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే లాగుడు. చెయ్యి ఆపకుండా, విమానం దిగినట్టు తాకి, ఎగిరినట్టు లేవాలి. ఆ తర్వాత అక్కడికి మళ్లీ వెళ్లకండి. మూడు నిమిషాల తర్వాత ఒక చోట వదిలేసినట్టు కనిపించి మళ్లీ బ్రష్ పెట్టడంతోనే ఎక్కువ గీతలు పడతాయి. పెద్ద పలకలకు రోలర్‌తో పరిచి, వెంటనే బ్రష్ మొనలతో ఇలా లాగితే ఇంకా తేలిక.

మొదటి పూత పూర్తిగా కప్పకపోయినా కంగారు వద్దు. నూనె ఎనామెల్‌కు 24 గంటలాగి, 320తో తేలిగ్గా రుద్ది, తడి గుడ్డతో తుడిచి రెండోది వేయండి.

సొరుగుల లోపల, పక్కల కూడా వేయాలా?

ముందు పలకకు, దాని అంచులకు మాత్రమే. పక్కలకు, సొరుగు జారే పట్టీలకు వద్దు. లెక్క చూడండి: ఆరిన ఒక పూత మందం 30 నుంచి 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రెండు ప్రైమర్, రెండు రంగు కలిపితే ఒక వైపు 0.15 మి.మీ. దాకా. సొరుగు పక్కకు అంత, దాని ఎదుటి చట్రానికి అంత, రెండు పక్కలూ కలిపితే 0.6. చేతిపనితో చేసిన పాత సొరుగుకు ఉండే సందే మిల్లీమీటరు. వానాకాలంలో చెక్క ఉబ్బితే ఇక కదలదు. జారే చోట కొవ్వొత్తి ముక్క రుద్దండి చాలు.

తీసేటప్పుడే ప్రతి సొరుగు వెనక పెన్సిల్‌తో అంకె వేయండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఏ సొరుగు ఆ అరలోనే సరిగ్గా పడుతుంది.

అద్దం తీయాలా? ఇత్తడి పిడుల సంగతేంటి?

వెనక పలక మేకులు ఊడదీసి అద్దం బయటికి తీయగలిగితే తీయండి. పాత అద్దం వెనక పూత సున్నితం, థిన్నర్ తగిలితే నల్ల మచ్చ పడుతుంది, అది పోదు. తీయలేకపోతే అద్దానికీ చట్రానికీ మధ్య సందులో పోస్టుకార్డు ముక్కలు దూర్చి, పైన టేపు వేయండి. ఆఖరి పూత కాస్త పచ్చిగా ఉండగానే టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. గట్టిపడ్డాక లాగితే రంగు అంచు చీలి వస్తుంది.

ఇత్తడికి చింతపండు, ఉప్పు. తోమాక కడిగి వెంటనే తుడవండి. మరలు తుప్పుపట్టి తిరగకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను మర తలకు నిమిషం ఆనించి, చల్లారాక తిప్పండి.

వానాకాలంలో వేయొచ్చా?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్లలో వానల రోజుల్లో గాలిలో తేమ 85 శాతం దాటుతుంది. అప్పుడు ఎనామెల్ ఆరదు, లాకర్ అయితే తెల్లటి మసక పడుతుంది. మే నెల మధ్యాహ్నం ఇంకో ఇబ్బంది: బ్రష్ లాగేలోపే రంగు గట్టిపడుతుంది. ఎండాకాలంలో పొద్దున ఎనిమిది లోపు, నీడలో వేయండి. ఫ్యాను కింద వద్దు, దుమ్మంతా వచ్చి అంటుతుంది.

వారమైంది, ఇంకా వేలికి అంటుతోంది. ఎందుకు?

నాలుగు కారణాల్లో ఒకటి. మందంగా వేశారు: పైన తోలులా ఆరి లోపల పచ్చిగా ఉంది. టర్పెంటైన్ బదులు కిరోసిన్ కలిపారు: అది నెమ్మదిగా ఎగురుతుంది, జిడ్డు మిగులుస్తుంది, ఇప్పటికీ కొందరు పెయింటర్లు చేసే పనే ఇది. కింద టేకు నూనె గానీ కొబ్బరి నూనె గానీ ఉంది. లేదా గాలి ఆడని తేమ గదిలో పెట్టారు. గాలి వచ్చే చోటికి మార్చి ఇంకో వారం చూడండి. నాల్గో కారణమైతే ఆరుతుంది. మిగతావైతే గీకి తీయడం తప్ప దారి లేదు. పైన ఇంకో పూత వేస్తే లోపలి పచ్చి శాశ్వతమవుతుంది.

రంగు వేస్తుండగానే గుండ్రటి చిన్న గుంటలు పడి, చెక్క కనిపిస్తోంది.

హెయిర్ సీరంలోని సిలికోన్, లేదా నూనె. బ్రష్‌తో మళ్లీ మళ్లీ పూడ్చకండి. తడి రంగును టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసి, జిడ్డు మళ్లీ కడిగి, లక్క పొర ఒకటి వేసి మొదలుపెట్టండి.

రెండో పూత వేయగానే మొదటిది ముడతలు పడింది.

తప్పు థిన్నర్. ఎనామెల్‌కు ఎన్‌సీ థిన్నర్ కలిపితే, సగం ఆరిన కింది పొరను అది ఉబ్బిస్తుంది. మందమైన పూతకు ఎండ తగిలినా ఇదే జరుగుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, ముడతలు రుద్దేసి, మళ్లీ వేయండి.

సన్‌మైకా అంటించిన బల్లకు ఇదే పద్ధతా?

కాదు. మామూలు వుడ్ ప్రైమర్ దానికి పట్టదు, గోటితో గీరితే వస్తుంది. 180తో మొత్తం గరుకు చేసి, నున్నటి వాటి మీద పట్టే బాండింగ్ ప్రైమర్ వేయాలి. లేచిన అంచులను ముందే అంటించండి. అమెరికాలో సెకండ్ హ్యాండ్ డ్రస్సర్ కొన్నవాళ్లకూ ఇదే మాట, అక్కడ చాలావాటికి పైన కాగితం లాంటి రేకే ఉంటుంది. లక్కతో చేసిన ప్రైమర్ అక్కడ రెడీమేడ్‌గా దొరుకుతుంది. అక్కడ ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు, అంతకన్నా పాత సామానైతే పైన చెప్పిన జాగ్రత్తలే.

ఎప్పటి నుంచి వాడుకోవచ్చు?

ముట్టుకుంటే అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. నూనె ఎనామెల్‌కు వారం, నీటి ఎనామెల్‌కు మూడు వారాలు. అప్పటిదాకా సొరుగులను కాస్త బయటికి లాగి ఉంచండి. సొరుగుల్లో న్యూస్ పేపర్ పరవకండి, అక్షరాలు రంగు అంచుకు దిగుతాయి. పైన గాజు పలక వేసే అలవాటుంటే నెల ఆగి, నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు పెట్టి వేయండి. నేరుగా వేస్తే గాజు రంగును పట్టుకుని వదలదు.

మిగిలిన రంగు, గుడ్డలు ఏం చేయాలి?

రంగును చిన్న గాజు సీసాలోకి, అంచు దాకా నిండేలా మార్చండి. సగం ఖాళీ డబ్బాలో మీగడ కడుతుంది. మూత మీద రంగు నంబరు, తేదీ రాసుకోండి, గీత పడ్డప్పుడు అదే అక్కరకొస్తుంది. అవిసె నూనె, వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, వాటంతటవే అంటుకోగలవు. నీళ్ల బకెట్‌లో ముంచి, విప్పి ఆరుబయట విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి. బ్రష్ కడిగిన టర్పెంటైన్‌ను తూములో పోయకండి. సీసాలో రెండు రోజులుంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైన తేరింది మళ్లీ బ్రష్‌లు కడగడానికి పనికొస్తుంది.